మూడు మాటలు, ఒక ఎర్ర చున్నీ

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, నాన్నకు చెప్పలేదు, నా డైరీకి కూడా సగమే చెప్పాను. ఏడో తరగతిలో ఉండగా మా బడికి కళ్ళ డాక్టరు వచ్చారు. ఆ కంటి పరీక్షలో నేను కాపీ కొట్టి పాసయ్యాను.

లెక్కల పరీక్షలో కాపీ కొట్టినవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. కంటి పరీక్షలో కొట్టినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. నాకంటే ముందు నిలబడ్డవాళ్ళు చదివిన అక్షరాలన్నీ వరుసలో వింటూ బట్టీ పట్టాను. నా వంతు రాగానే, గోడ కూడా మసగ్గా కనబడుతుండగా, గోడ మీది అక్షరాలు గడగడా అప్పజెప్పాను. "వెరీ గుడ్" అన్నారు డాక్టరు. కళ్ళజోడు తప్పింది. "నాలుగు కళ్ళ పిల్ల" అన్న పేరు తప్పింది. అప్పటినుంచి ముందు బెంచీలో కూర్చుని, బోర్డును కాస్త చికిలించి చూస్తూ బతికేశాను.

కానీ పాపానికి చూపు బాగుంటుంది. ఏడేళ్ళ తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చి చిల్కానగర్ కమ్యూనిటీ హాల్లో పట్టుకుంది. నన్నొక్కదాన్నే పట్టుకుని ఉంటే పోనీ అనుకునేదాన్ని. ఒక హాలెడు ముసలివాళ్ళను నాతోపాటు ముంచబోయింది.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. మేముండేది నాచారంలో. నోట్లో నాలుక లేని పిల్లనని మా గల్లీలో నాకు గట్టి పేరు. షేర్ ఆటోలో "ఇక్కడ ఆపండి" అనలేక, పక్కవాళ్ళెవరైనా ఆపించిన చోట దిగి, వెనక్కి నడిచి వచ్చేదాన్ని. నడిచి వచ్చి ఆ సంగతి డైరీలో రెండు పేజీలు రాసుకునేదాన్ని. మా పై పోర్షన్‌లో ఉండే రజిత అక్క ఇది చూడలేకపోయింది.

"ఎప్పుడు జూసినా పుస్తకంల తలకాయ వెట్టి కూసుంటవ్. జర నలుగుర్ల కలువు. మా క్లబ్బుకు రా."

"అక్కడ మాట్లాడాల్నా అక్కా?"

"ఎవలన్నా నిన్ను మాట్లాడమంటే నన్నడుగు."

అలా చేరాను పదిచేతుల సంఘంలో. ఉప్పల్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన మా మీటింగు గది. కిటికీ తెరిస్తే మెట్రో పట్టాలు. అధ్యక్షులు ప్రకాశరావు గారు రైల్వేలో రిటైరయ్యారు, గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మీటింగు మొదట అందరం లేచి నిలబడి సంఘం మూడు మాటలు చెప్పాలి. ఒకటి, అబద్ధం ఆడం, ఇంకొకరితో ఆడించం. రెండు, సాయానికి వచ్చిన మనిషిని నలుగురిలో చిన్నబుచ్చం. మూడు, చేసిన మేలు చాటుకోం, చేసిన తప్పు దాచుకోం. సరిగ్గా రెండో మాట మధ్యలో మెట్రో రైలు వచ్చేది. ప్రకాశరావు గారు చెయ్యెత్తేవారు. రైలు వెళ్ళేదాకా అందరం "సాయానికి వచ్చిన మనిషిని..." దగ్గర నోరు తెరుచుకుని నిలబడేవాళ్ళం. ఇప్పటికీ మెట్రో చప్పుడు వింటే నా పెదవులు ఆ మాట దగ్గర ఆగుతాయి.

ఆ మూడు మాటలూ నా డైరీ మొదటి పేజీలో రంగు పెన్నులతో రాసుకుని, చుట్టూ పూలతీగ కూడా వేశాను. కింద చిన్న అక్షరాల్లో ఒక సందేహం రాశాను: "ఒకటో మాటకూ రెండో మాటకూ తగాదా వస్తే ఏం చేయాలి?" మీటింగులో లేచి అడిగి ఉంటే ఈ కథే లేదు. అడిగితే నేనెందుకవుతాను?

ఆ వేసవిలో చిల్కానగర్ పెద్దవాళ్ళకు కళ్ళ శిబిరం పెట్టారు. ఆసుపత్రి నుంచి ఒక కుర్ర డాక్టరు రెండు పెట్టెల కళ్ళజోళ్ళతో వచ్చారు. మధ్యాహ్నం మల్కాజిగిరిలో ఆయనకింకో శిబిరం ఉంది. పద్ధతి తేలిక. ముందు బోర్డు దగ్గర పరీక్ష. అక్కడ తడబడినవాళ్ళను లోపలి గదిలోకి పంపి, మిషన్ మీద చూసి, తగిన అద్దాలిస్తారు. తడబడనివాళ్ళకు చీటీ మీద "చూపు బాగుంది" అని రాసి ఇంటికి పంపిస్తారు.

చదువు రానివాళ్ళకు కూడా పనికొచ్చేలా బోర్డు మీద అక్షరాలకు బదులు మూడు పళ్ళ దువ్వెనలాంటి గుర్తులుంటాయి. పైన పెద్దవి, కిందికి పోనుపోను చిన్నవి. దువ్వెన పళ్ళు కుడికో, ఎడమకో, పైకో, కిందికో ఉంటాయి. ఎటున్నాయో చేత్తో చూపించాలి.

"నీకు మాట్లాడే పని వెట్టలే," అంది రజిత అక్క, నా చేతికి ఒక కట్టె ఇచ్చి. "బోర్డు పక్కకు నిలవడు. కట్టెతోని గుర్తు జూపియ్యి. గంతే."

ఇంతకన్నా అపాయం లేని పని లోకంలో ఉంటుందా? మిరపపండు రంగు చున్నీ వేసుకుని గోడ పక్కన నిలబడ్డాను. డాక్టరు ముసలివాళ్ళకు ఎదురుగా, నాకు వీపు పెట్టి కూర్చున్నారు. బోర్డంతా ఆయనకు కంఠతా వచ్చు కాబట్టి వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేదు. ఈ ఏర్పాటును బాగా గుర్తుంచుకోండి.

మొదట మల్లయ్య తాత కూర్చున్నాడు. ఒకప్పుడు నాచారం ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి, కోరమీసం.

"తాతా, దువ్వెన ఎటుంది?" అన్నారు డాక్టరు.

"నా నెత్తి మీద ఎంటికలే లేవు సారూ, దువ్వెనతోని నాకేం పని?"

వరుసంతా నవ్వింది. మొదటి గుర్తు చెప్పాడు. రెండో వరుసకు రాగానే చెయ్యి గాలిలో ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో అన్నారు: "మల్లన్నకు ఇంట్ల పెండ్లమే కనబడది. దువ్వెన ఏం కనబడతది?"

ఈసారి నవ్వు పెద్దదయింది. మల్లయ్య తాత కోరమీసం కిందికి వాలింది. ఆ ముఖం చూడగానే నాకు ఏడో తరగతి గుర్తొచ్చింది. చెవిలో మెట్రో రైలు పోయినట్టయి, సాయానికి వచ్చిన మనిషిని నలుగురిలో చిన్నబుచ్చం, అన్న మాట మోగింది. నా మెడ దానంతటదే దువ్వెన పళ్ళవైపు వంగింది. ఒట్టు, నేను వంచలేదు. తాత నన్ను చూశాడు. చెయ్యి అటు చూపాడు.

"శభాష్," అన్నారు డాక్టరు. కోరమీసం మళ్ళీ లేచింది.

ఒక మనిషి పరువు నిలబెట్టాను. నోట్లో నాలుక లేకపోతేనేం, మెడలో చున్నీ ఉంది. కాసేపట్లో ఒక పద్ధతి కూడా ఏర్పడింది. చున్నీ కొంగు ఈ భుజం మీద వేస్తే ఇటు, ఆ భుజం మీద వేస్తే అటు. నుదురు తుడుచుకుంటే పైకి. వంగి చెప్పు సర్దుకుంటే కిందికి. ఆ పొద్దున నా చెప్పు సర్దుకున్నంతగా పెళ్ళికూతురు కొంగు కూడా సర్దుకోదు.

మీరడగబోయేది నాకు తెలుసు. చూపు లేనివాళ్ళకే కదమ్మా అద్దాలిచ్చేది, డిగ్రీ చదివే పిల్లవు, ఆమాత్రం తెలియదా? తెలుసు. ఈత రాదని తెలిసీ బావిలో దూకినవాడికి ఎంత తెలుసో అంత తెలుసు. పరీక్ష అన్నాక ఎవరూ ఫెయిల్ కాకూడదు. ఆ పూట నా బుర్రలో ఇంకో ముక్కకు చోటు లేదు.

వరుసలో గుసగుస మొదలైంది. "బోర్డు దిక్కు సూడకు. ఎర్ర చున్నీ పిల్ల దిక్కు సూడు. మంచి పిల్ల." నాకు సిగ్గు వేయాల్సింది పోయి గర్వం వేసింది. అంతమంది నన్ను చూడటం, చూసి మంచి పిల్ల అనుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. వాళ్ళ తొందరకు ఇంకో కారణముందని తర్వాత తెలిసింది. పాసైనవాళ్ళకే అద్దాలిస్తారని వరుసలో ఎవరో పుట్టించారు. ఇటు నేను పాస్ చేయిస్తున్నాను, అటు వాళ్ళు అద్దాలకోసం పాసవుతున్నారు. కంటికి రెప్పలా కాపాడటమంటే ఇదే కాబోలు. రెప్ప వాలితే కన్ను ఏమీ చూడలేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇక యాదమ్మ అవ్వ సంగతి. నాకప్పటికి తెలియదు, మీకు మాత్రం ముందే చెబుతాను. ఆమె నాచారంలో ఒక చిన్న బడిలో ఆయా. సాయంత్రం గేటు దగ్గర నిలబడి, ఏ పిల్ల కోసం ఎవరొచ్చారో చూసి అప్పగించే పని. అంతకుముందు వారం ఒక పాపను వేరే ఆటో ఎక్కించింది. ఆటో అతను మంచివాడు, మలుపు దాకా పోయి వెనక్కి తెచ్చి దింపాడు. కానీ పెద్ద మేడమ్ చెప్పేసింది: సోమవారం అద్దాలతో రా, లేకపోతే గేటు పని ఇంకొకరికిస్తాను. పదిహేనేళ్ళుగా ఆ గేటే ఆమె లోకం. శిబిరం ఆదివారం. అర్థమైంది కదా?

ఆమె కుర్చీలో కూర్చుని బోర్డువైపు కన్నెత్తయినా చూడలేదు. కళ్ళు రెండూ నా చున్నీ మీదే. నేను భుజం మార్చేసరికి ఆమె చెయ్యి తిరిగిపోయేది. చివరి వరుస, చీమతలకాయంత దువ్వెనలు, అవి కూడా తప్పకుండా చెప్పింది.

"అమ్మా, మీ చూపు నా చూపుకంటే బాగుంది," అంటూ "చూపు బాగుంది" చీటీ రాసిచ్చారు డాక్టరు.

వరుస అయిపోయింది. చీటీలు పట్టుకుని, అద్దాలిస్తారని అందరూ హాల్లోనే కూర్చున్నారు. డాక్టరు పెన్ను మూసి, ప్రకాశరావు గారితో అన్నారు: "ఏం సార్, చిల్కానగర్ నీళ్ళలో ఏమన్నా ఉందా? ఇన్ని శిబిరాలు చేశాను, ఇంత మంచి కళ్ళు చూడలేదు. జోళ్ళన్నీ మిగిలిపోయాయి. మల్కాజిగిరిలో పనికొస్తాయి లెండి."

"అంతా కష్టజీవులు కదండీ," అన్నారు ప్రకాశరావు గారు మురిసిపోయి.

పెట్టెలకు తాడు కడుతున్నారు. అప్పుడు యాదమ్మ అవ్వ నా దగ్గరికొచ్చి చీటీ చూపించింది.

"బిడ్డా, అద్దాలు ఏడ ఇస్తున్నరు?"

"అద్దాలు... సరిగ్గ కనబడనోళ్ళకిస్తరు అవ్వా."

"గదే గద. నాకు కనబడదు."

"మరి బోర్డు..."

"బోర్డు నువ్వు జూపిస్తివి, నేను జెప్తిని. పాసైతిమి. ఇంగ అద్దాలియ్యున్రి. రేపు గేటు కాడ నిలవడాలె." అని బడి సంగతి, పాప సంగతి, పెద్ద మేడమ్ సంగతి అన్నీ చెప్పింది. చెబుతూ నా చెయ్యి పట్టుకుంది. "నీ పుణ్యాన పాసైన బిడ్డా."

నా కాళ్ళ కింద చిల్కానగర్ కదిలింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను నా కాలితో ఆగలేదు. ఊరందరి కాళ్ళూ పట్టి అడుసులో ముంచాను.

మూడో మాట: చేసిన తప్పు దాచుకోం. చెప్పాలి. కానీ నోరు? రజిత అక్క కోసం చూశాను, భోజనాలు తేవడానికి వెళ్ళింది. డైరీలోంచి ఒక కాగితం చింపి గబగబా రాశాను. రాతలో నేను పులిని. రాసి, ప్రకాశరావు గారికి రెండు చేతులతో అందించాను. ఆయన మైకు ముందు నిలబడి డాక్టరుకు శాలువా కప్పబోతున్నారు. కాగితం అందుకుని చొక్కా జేబు తడుముకున్నారు, ప్యాంటు జేబు తడుముకున్నారు.

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా. వోట్ ఆఫ్ థాంక్సేనా? బాగుంది, నువ్వే చదివెయ్యి." అని మైకు నా చేతిలో పెట్టారు.

కళ్ళ శిబిరంలో కళ్ళజోడు మర్చిపోయిన అధ్యక్షుణ్ణి నేనింకెక్కడా చూడలేదు. హాలంతా నన్నే చూస్తోంది. బయట ఆటో స్టార్టయింది, డాక్టరు పెట్టెల కోసం. చదివాను.

"అందరికీ నమస్కారం. ఇక్కడ ఎవరి చూపూ బాగాలేదు. నేను చున్నీతో చెప్పాను. అబద్ధం ఆడాను, అందరితో ఆడించాను. యాదమ్మ అవ్వకు రేపటికి అద్దాలు కావాలి. దయచేసి ఆటో ఆపండి. ఇట్లు, శ్రావణి."

షేర్ ఆటోలో ఎన్నడూ అనలేకపోయిన మాట మైకులో అన్నానన్న సంగతి ఇంటికి వెళ్ళి డైరీ రాసేటప్పుడు గాని తెలియలేదు.

డాక్టరు మెల్లగా బోర్డువైపు తిరిగారు, తర్వాత నా చున్నీవైపు. మల్లయ్య తాత ముందుగా తేరుకున్నాడు. "అంటే ఫెయిలైతెనే అద్దాలా? గీ ముక్క పొద్దుగాల జెప్పొద్దా?"

"నేను మల్కాజిగిరి వెళ్ళాలి," అన్నారు డాక్టరు నీరసంగా. యాదమ్మ అవ్వ చీటీ పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడింది. డాక్టరు ఆమెను చూశారు, ఆటోను చూశారు, మల్కాజిగిరికి ఫోన్ చేశారు. "రెండు గంటలు ఆలస్యం. లేదు, ఆటో బాగానే ఉంది. ఇక్కడ... కాస్త మాస్ కాపీయింగ్ జరిగింది."

మళ్ళీ పరీక్ష. భోజనాలతో తిరిగొచ్చిన రజిత అక్కకు కట్టె ఇచ్చారు. నన్ను గోడవైపు ముఖం పెట్టించి మూల నిలబెట్టారు. ఈసారి కొత్త చిక్కు. ఫెయిలైతేనే అద్దాలని తెలిసిపోయింది కదా, హాల్లో ఒక్కరికీ ఒక్క దువ్వెనా కనబడలేదు. గోడంత దువ్వెన చూపిస్తే ఒక తాత "యాడుంది బోర్డు?" అన్నాడు. పొద్దున అందరూ గద్దలు, మధ్యాహ్నానికి అందరూ గుడ్లగూబలు. డాక్టరు తల పట్టుకుని, బోర్డు తీయించేసి, ఒక్కొక్కరినీ లోపల మిషన్ దగ్గర కూర్చోబెట్టారు. దానికి చున్నీ భాష రాదు.

యాదమ్మ అవ్వకు గట్టి పవరే వచ్చింది. నల్ల ఫ్రేము జోడు పెట్టుకుని బయటికొచ్చి, గుమ్మంలో నిలబడి హాలంతా ఒకసారి కలియజూసింది. నేరుగా మూలకొచ్చి, నా భుజం పట్టి తిప్పింది.

"ఏంది బిడ్డా, కండ్లు చికిలిస్తున్నవ్?"

"ఏం లేదవ్వా."

"పొద్దుగాల సంది నీ చున్నీ సూస్తిని, మొకం ఇప్పుడు సూస్తున్న. డాక్టర్ సాబ్, గీ పిల్లను గూడ సూడు."

కూర్చోబెట్టారు. బోర్డు మళ్ళీ తగిలించారు. పొద్దుటినుంచి దాని పక్కనే ఉన్నాను, పై నుంచి కింది దాకా నోటికి వచ్చు. గడగడా అప్పజెప్పడం మొదలుపెట్టాను. మూడో వరుసకు వచ్చేసరికి వెనకనుంచి యాదమ్మ అవ్వ గొంతు: "డాక్టర్ సాబ్, రజిత ఇంక కట్టె వెట్టనే లే. గీ పిల్ల జెప్పుకుంట పోతున్నది."

ఆ రోజు చిల్కానగర్‌లో ఆఖరి కళ్ళజోడు నాది.

సాయంత్రం ప్రకాశరావు గారు నన్ను పక్కకు పిలిచారు. మీటింగులో అనొచ్చు, అనలేదు. రెండో మాట ఆయనకు ఊరికే నోటికి వచ్చింది కాదు.

"ఒకటో మాట విరిచేశావు. రెండోది నిలబెట్టాననుకుంటున్నావు కదూ? చూపు లేనివాడికి ఉన్నట్టు నటించడం నేర్పావు. ఇంతకంటే చిన్నబుచ్చడం ఏముంటుందమ్మా? మూడోది మాత్రం నిలబెట్టావు. మూడింట్లో ఒకటి, అంటే ముప్పైమూడు మార్కులు. పాసు కావాలంటే ఇంకో రెండు కావాలి. వెళ్ళి యాదమ్మ గారిని ఇంటిదాకా దింపిరా."

దింపాను. దారంతా ఆమె దుకాణాల బొమ్మలు, చెట్టు మీది పిట్టలు, నా ముఖం మీది మొటిమ, అన్నీ కనబడుతున్నాయని చెబుతూనే ఉంది. మర్నాడు గేటు దగ్గర నిలబడింది. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు నేను ఒక స్టాపు ముందే దిగేదాన్ని, ఆమెను చూడటానికి. ఒక్కో పిల్లను పంపే ముందు జోడు సర్దుకుని, వచ్చిన మనిషిని కాళ్ళనుంచి తలదాకా చూసేది. అలా చూడటం ఆమెకొక పూజలా ఉండేది.

ఇప్పుడు టిఫిన్ సెంటర్ పైన మా గది లేదు, సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. ప్రకాశరావు గారు సైనిక్‌పురిలో కూతురింటికి మారారు. రజిత అక్క పెళ్ళై వెళ్ళిపోయింది. నేను ఉద్యోగానికి మెట్రోలో వెళ్తూ ఆ కిటికీ ముందునుంచి పోతాను. రైల్లో ఉన్నది నేనే అయినా, పెదవులు అక్కడ ఆగుతాయి.

అందుచేత సకల జనులకూ తెలియజేయునది ఏమనగా: ఇకమీదట బతికున్నంతకాలం నేను ఏ బోర్డు పక్కనా ఎర్ర చున్నీతో నిలబడను, నిలబడినా నుదుటి చెమట తుడుచుకోను, చెప్పు ఊడినా వంగను. పూలతీగ సాక్షిగా ప్రమాణం.

నిరుడు యాదమ్మ అవ్వ బడి పని మానేసింది. జనగామ దగ్గర చెల్లెలింట్లో ఉండటానికి వెళ్తుంటే ఉప్పల్ బస్టాపుకు వెళ్ళాను. కళ్ళు తడిసి అద్దాలు మసకబారుతుంటే తీసి చేతిలో పట్టుకున్నాను. బస్సు కదలబోయింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, తన జోడు సర్దుకుని, నన్ను కాళ్ళనుంచి తలదాకా ఒకసారి చూసింది.

"అద్దాలు వెట్టుకో బిడ్డా. పోయేటోళ్ళను సక్కగ సూసి పంపాలె."